పాత డెస్క్‌టాప్ మధ్యాహ్నం పూట ఆగిపోతోంది, 5,000 రూపాయల్లో బాగవుతుందా లేక కొత్తది కొనాల్సిందేనా?

అనంత_జిరాక్స్ (అనంతపురం):

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్తే. మాది అనంతపురంలో ఒక కాలేజీ దగ్గర చిన్న జిరాక్స్ షాపు. జిరాక్సులు, ప్రింటౌట్లు, పిల్లల ఆన్‌లైన్ అప్లికేషన్లు, ముహూర్తాలు ఉన్న నెలల్లో పెళ్లికార్డులు, కరపత్రాలు. ఇవన్నీ ఒక్క కంప్యూటర్ మీదే నడవాలి. 2010లో అసెంబుల్ చేయించింది. కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, జీ41 బోర్డు, 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒక స్టిక్, 320 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900. యూపీఎస్ 600 వీఏ. కార్డుల డిజైన్‌కు పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్, తెలుగుకు అను ఫాంట్లు వాడతాను. పేజ్‌మేకర్ సీడీ ఎప్పుడో పోయింది, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కష్టం ఏందంటే, ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత దానంతట అదే టక్కున ఆఫ్ అయిపోతుంది, కాసేపు ఆగి ఆన్ చేస్తే వస్తుంది, మళ్లీ అరగంటకు పోతుంది. కొన్నిసార్లు ఆఫ్ కాకుండా రీస్టార్ట్ అవుతుంది, అది పొద్దున కూడా జరుగుతుంది. ఆన్ చేసినాక డెస్క్‌టాప్ వచ్చేసరికి ఆరేడు నిమిషాలు. ప్రతి పొద్దున తేదీ 2010కి పోయి ఎఫ్1 నొక్కమంటుంది. ఇది కాక అప్లికేషన్ల సైట్లు కొన్ని తెరుచుకోవడం లేదు, బ్రౌజర్ పాతదైందని చెప్తాయి. మొన్న ఒక పాప ఫీజు కట్టే చివరి రోజు వచ్చింది, సగంలో ఆగిపోయి, ఆ పాప ఏడుపు ముఖంతో ఇంకో షాపుకు పోయింది. ఆ రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఒక షాపుకు తీసుకుపోతే అరనిమిషం చూసి బోర్డు పోయింది, దీంట్లో ఇంకేమీ లేదు, 30 వేలు పెట్టి కొత్తది తీసుకో అన్నారు. నా దగ్గర 5,000 ఉంది, కిందా మీదా పడితే 6,000. టెన్షన్‌గా ఉంది. ఏది ముందు చేయాలో చెప్పండి.

ఇంకో మాట, పెద్ద విషయం కాకపోవచ్చు, చెప్పులు లేకుండా ఉన్నప్పుడు క్యాబినెట్ తాకితే వేళ్లకు జివ్వుమంటుంది.


కర్నూలు_సర్వీస్:

అన్నా, బోర్డు పోయిందన్న మాట ముందు మనసులోంచి తీసెయ్. బోర్డు పోయిన కంప్యూటర్ పొద్దున నాలుగు గంటలు పనిచేయదు. నేను కర్నూల్లో పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నా. పాత మిషన్ వస్తే చాలామంది చేసే తప్పు ఒకటే: నాలుగు రకాల జబ్బుల్ని ఒకే జబ్బు అనుకుని పార్టు మీద పార్టు కొనడం. నువ్వు చెప్పినవాటిలో నాకు కనీసం నాలుగు వేరువేరు కారణాలు కనపడుతున్నాయి. ఒక్కొక్కటి తేల్చుకునేదాకా ఒక్క రూపాయి పార్టు కూడా కొనొద్దు.

మధ్యాహ్నం ఆఫ్ అవడం నూటికి తొంభై పాళ్లు వేడి. ప్రాసెసర్ వేడెక్కితే మొదట తన వేగం తానే తగ్గించుకుంటుంది, అంటే ఆఫ్ కాకముందు ఓ పది నిమిషాలు ఇంకా నిదానమవుతుంది, అలా అవుతోందా గమనించు. ఆ తర్వాతా తగ్గకపోతే బోర్డు తనను తాను కాపాడుకోడానికి కరెంటు తీసేస్తుంది. పాడైంది కాబట్టి ఆగడం కాదు, పాడవకూడదని ఆగడం.

ఇట్లా చెయ్. ఆగిపోయిన వెంటనే ఆన్ చేసి డిలీట్ (డెల్) కీ నొక్కి బయాస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) పో, హార్డ్‌వేర్ మానిటర్ అనో పీసీ హెల్త్ అనో ఉంటుంది, సీపీయూ టెంపరేచర్ ఎంతుందో రాసుకో. ఏ పనీ లేకుండా బయాస్‌లో ఉన్నప్పుడే 80 దాటితే కారణం దొరికినట్టే. అక్కడే 12 వోల్టులు, 5 వోల్టుల లెక్క కూడా ఉంటుంది. 12 అన్నది 11.4 నుంచి 12.6 లోపల, 5 అన్నది 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. బయట ఉంటే ఎస్‌ఎంపీఎస్‌ను (క్యాబినెట్ లోపల కరెంటు సరఫరా చేసే డబ్బాను) అనుమానించాలి.

తర్వాత ప్లగ్ పీకి పక్క తలుపు తీయి. నీ బోర్డు లాంటి 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) బోర్డులకు ఇంటెల్ ఫ్యాన్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద నిలబడుతుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ బిగువు పోయి ఒక పిన్ను పైకి లేస్తుంది, ఒక మూల లేస్తే చాలు, హీట్‌సింక్ (వేడి లాగే అల్యూమినియం దిమ్మ) ప్రాసెసర్‌కు సరిగా ఆనదు. నాలుగింటినీ వేలితో కదిపి చూడు. ఫ్యాన్ తీసి దాని కింద చూడు, ఫ్యాన్‌కూ అల్యూమినియం రేకులకూ మధ్య దుమ్ము దుప్పటి పరిచినట్టు ఉంటుంది, పైనుంచి చూస్తే కనపడదు. మీది జిరాక్స్ షాపు, టోనర్ పొడి, అగరబత్తి పొగ కలిసి ఆ దుమ్ము జిడ్డుగా అతుక్కుంటుంది. ఆయుధపూజకు కుంకుమ బొట్లు పెట్టినప్పుడు రాలిన పొడి కూడా క్యాబినెట్ చిల్లుల్లోంచి లోపలికే పోతుంది. పూజ చేయొద్దని కాదు, బొట్టు ముందు తలుపు మీద పెట్టు, చిల్లులున్న చోట వద్దు.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, గాలికి గిర్రున తిరగనీయకూడదు, బేరింగు పోతుంది. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత పేస్టు ఎండి సున్నం పెచ్చులాగా ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్టు బఠానీ గింజంత పెట్టు, ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనేది నిజం కాదు.

ప్రాసెసర్ సాకెట్ చుట్టూ నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి కదా, వాటి తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఫోటో పెట్టు. అవి మార్చుకోవచ్చు, కానీ ఆ పని చేతికి అలవాటున్నవాళ్లే చేయాలి.

తేదీ పోవడానికి బోర్డు మీద ఉండే సీఆర్2032 సెల్లు కారణం. వాచీ షాపులో కూడా దొరుకుతుంది. తేదీ తప్పుంటే చాలా సైట్లు భద్రత లేదని చెప్పి తెరుచుకోవు, కాబట్టి నీ సైట్ల కష్టంలో కొంత దీనిది కూడా.

చూసి చెప్పు అన్నా. ఈ పనులకు 200 దాటదు.


జేఎన్‌టీయూ_మూడో_సంవత్సరం:

అన్నా, నాది వేరే అభిప్రాయం. ఈ7500కి డబ్బు పెట్టడం దండగ అనిపిస్తుంది. రెండే కోర్లు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ 11 ఏదో ఒక పద్ధతిలో ఎక్కిద్దామన్నా 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాల సెట్టు లేని ప్రాసెసర్లో అసలు బూట్ కాదు, కోర్ 2 డ్యుయోలో అది లేదు. అంటే మైక్రోసాఫ్ట్ దారి మూసుకుపోయింది. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఆఫీసులు వదిలేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు, నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్‌తో దొరుకుతాయి, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాం. ఇంకో రెండు మూడు వేలు కలుపుకుని అదే తెచ్చుకోండి. నేను అదే చేశాను, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు కూడా సరిపోతుందని నమ్మకంగా ఉన్నా.


కర్నూలు_సర్వీస్:

తమ్ముడూ, నువ్వు చెప్పిన లెక్కలు కరెక్టే, ఆ ఐ5 దీనికంటే చాలా మెరుగు. చేతిలో 9,000 ఉన్నవాడు అడిగితే నేనూ అదే చెప్తా. కానీ రెండు విషయాలు. ఆ నాలుగో తరం కూడా విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు, ఇంటెల్‌లో అది ఎనిమిదో తరం నుంచి మొదలు. ఇక అట్లాంటి ఆఫీసు మిషన్లలో కొన్నింటికి ఎస్‌ఎంపీఎస్ కంపెనీ సొంత సైజు. ఉదాహరణకు డెల్ ఆప్టిప్లెక్స్ 9020లో బోర్డుకు మామూలు 24 పిన్నుల కనెక్టరు ఉండదు, 8 పిన్నులది ఉంటుంది. మన అనంతపురం, కర్నూలు కరెంటుకు ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకో, సుభాష్ రోడ్డులో పొద్దున కొని మధ్యాహ్నానికి బిగించుకునే వస్తువు కాదది, తెప్పించుకోవాలి లేదా కన్వర్టర్ కేబుల్ వెతకాలి. షాపు నడిపేవాడికి మూడు రోజులు మిషన్ లేకపోతే ఆ నష్టం ఎవరిస్తారు? చదువుకునే నీకు అది సరిపోయింది, మంచిదే.

పైగా ఈయన షాపులో వేడి, కరెంటు సమస్య తేలకుండా కొత్త మిషన్ పెడితే అది కూడా ఆ దుమ్ములోనే, ఆ కరెంటు మీదే బతకాలి.


కడప_డీటీపీ_అక్క:

తమ్ముడూ, నేను కడపలో డీటీపీ చేస్తాను, ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో. నీ పోస్టులో పేజ్‌మేకర్ సీడీ పోయిందన్న మాట చదివి నాకు గుండె జారింది, ఎందుకంటే నేను పడిన దెబ్బ అదే.

ఎవరు ఏమి చెప్పినా, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బ్యాకప్ తీసుకో. మూడేళ్ల కింద మా సిస్టమ్ నిదానంగా ఉందని ఒక షాపులో ఇస్తే, నన్ను అడగకుండా ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి ఇచ్చారు. పదకొండేళ్ల కార్డుల డిజైన్లు, ఫాంట్లు, అన్నీ పోయాయి. తాతగారి శుభలేఖ డిజైన్‌లోనే మనవరాలిది కూడా వేయమని అడిగిన కుటుంబం ఉంది, వాళ్లకు నేను ఏమి చెప్పాలో తెలియలేదు. నీకు అట్లా కాకూడదు.

డాక్యుమెంట్లు కాపీ చేసి అయిపోయిందనుకోకు. సి డ్రైవ్‌లో విండోస్ కింద ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తీసుకో. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని ఫాంట్లకూ ఒకే అక్షర కోడ్) కావు, ఆ ఫాంట్ లేకపోతే నువ్వు టైపు చేసిన తెలుగు అంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనపడుతుంది, ఇంకే తెలుగు ఫాంట్ పెట్టినా చదవలేవు. అలాగే పేజ్‌మేకర్‌లో పెద్ద బొమ్మ పెట్టేటప్పుడు మొత్తం కాపీ ఫైల్లో పెట్టాలా అని అడుగుతుంది, మనం తొందరలో నో కొడతాం, అప్పుడు ఆ వినాయకుడి బొమ్మ కార్డు ఫైల్లో ఉండదు, ఎక్కడుందో దారి మాత్రమే ఉంటుంది. బొమ్మలు డి డ్రైవ్‌లో ఉంటే, కొత్త డిస్క్‌లో కూడా ఆ ఫోల్డర్లు అదే పేర్లతో డి డ్రైవ్‌లోనే ఉండాలి. డ్రైవ్ అక్షరం మారితే కార్డు తెరిచిన ప్రతిసారీ బొమ్మ ఎక్కడ అని అడుగుతుంది.

బ్రౌజర్ సంగతి. విండోస్ 7కి క్రోమ్ చివరి వెర్షన్ 109, అది 2023 జనవరిలో వచ్చింది, ఆ తర్వాత లేదు. సైట్లు మొరాయించేది అందుకే, నువ్వు ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు. పిల్లల మార్కుల మెమోలు, ఫీజులు, బ్యాంకు వివరాలు ఆ పాత బ్రౌజర్లో కొట్టడం కూడా తప్పు. మనల్ని నమ్మి వివరాలు ఇస్తారు కదా.

నేను చేసిన ఏర్పాటు చెప్తా. ఒకే మిషన్‌లో విండోస్ 7, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్ బదులు వాడే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ ఉన్నాయి. పగలు ఆన్‌లైన్ పని అంతా మింట్‌లో, అందులో ఫైర్‌ఫాక్స్ కొత్తది వస్తుంది, సైట్లు తెరుచుకుంటాయి. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, డబ్బు కట్టేది లేదు. సాయంత్రం రీస్టార్ట్ చేసి విండోస్ 7లోకి పోయి కార్డుల పని చేసుకుంటా, అప్పుడు నెట్ కేబుల్ పీకేస్తా. రెండు వారాలు చేతికి కొత్తగా ఉంది, తర్వాత అలవాటైంది. మెమరీ ఎంత తక్కువున్నా మింట్‌కు 2 జీబీ ఉండాలి, 4 ఉంటే హాయిగా ఉంటుంది.

ఒక చిక్కుంది. నీ ఎల్‌బీపీ 2900 విండోస్‌లో పలికినట్టు లైనక్స్‌లో సులువుగా పలకదు, దాని డ్రైవర్ ఎక్కించడానికి చాలా తంటాలు పడాలి. అప్లికేషన్ ప్రింటు వెంటనే ఇవ్వాలి కాబట్టి ఇది ముందే ఆలోచించుకో. నేనైతే పీడీఎఫ్ సేవ్ చేసి జిరాక్స్ మిషన్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తున్నా, మీ మిషన్‌కు ఆ సౌకర్యం ఉందా?


గుంతకల్లు_ఎలక్ట్రీషియన్:

అన్నా, అందరూ కంప్యూటర్ గురించి చెప్పినారు. నువ్వు చివర్లో పెద్ద విషయం కాదని రాసినావు చూడు, జివ్వుమంటుందని, నా లెక్కలో ముందు చూడాల్సింది అదే.

ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు గోల వడకట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కు కలిపి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఎటూ పోలేక క్యాబినెట్ మీద సుమారు 110 వోల్టులు నిలబడతాయి. బలం తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ జివ్వుమంటోందంటే మీ షాపులో ఎర్త్ వైరు లేదు, లేదా ఎక్కడో తెగింది అని అర్థం. రేపు నిజంగా ఫేజు బాడీకి తగిలిన రోజు కాపాడేది ఏదీ లేదన్నమాట. అదే టేబుల్ దగ్గర పిల్లలు నిలబడతారు. యూఎస్‌బీకి పెన్‌డ్రైవ్‌లు పెట్టినప్పుడు అవి చెడిపోవడానికి కూడా ఇది ఒక కారణం కావచ్చు.

మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి పెట్టినారేమో చూడు. టెస్టరు కాదు, మల్టీమీటరుతో ఫేజుకు ఎర్త్‌కు మధ్య కొలిపించు, ఫేజుకు న్యూట్రల్‌కు ఎంతుందో దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మన అనంతపురం నేల ఎండాకాలం ఎండి బీటలు వారుతుంది, పాత ఎర్త్ గుంట ఉన్నా తడి లేక పనిచేయదు, ఎండాకాలం వారానికి ఒకసారి రెండు బిందెల నీళ్లు పోయించు. అద్దె షాపైతే ఓనరుకు చెప్పు, ఇది కంప్యూటర్ ఖర్చు కాదు, బిల్డింగు బాధ్యత.

రీస్టార్ట్ అయ్యేది ఎప్పుడో గమనించినావా? జిరాక్స్ మిషన్ గానీ లేజర్ ప్రింటర్ గానీ కాగితం మీద పొడి అతికించడానికి లోపల ఒక రోలరును వేడి చేస్తుంది, ఆ క్షణంలో చాలా కరెంటు లాగుతుంది. అదే లైన్లో వోల్టేజీ ఒక్కసారి పడుతుంది. యూపీఎస్ బ్యాటరీ బాగుంటే ఆ దెబ్బ అది తీసుకుంటుంది, బ్యాటరీ చచ్చిపోయి ఉంటే కంప్యూటరు రీస్టార్ట్. ఒక పరీక్ష చెయ్: ఫైళ్లన్నీ సేవ్ చేసి, కంప్యూటరు ఆన్‌లో ఉండగా యూపీఎస్ స్విచ్చి గోడ దగ్గర ఆపు. అయిదు నిమిషాలు కూడా నిలవకపోతే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మార్చాల్సిందే. మన వేడికి అవి రెండు మూడేళ్లకు మించి బతకవు. ప్రింటర్‌ను ఆ యూపీఎస్‌కు ఎట్టి పరిస్థితిలో తగిలించొద్దు, నేరుగా గోడకు.


అనంత_జిరాక్స్:

అందరికీ చేతులెత్తి దండం. మూడు రోజులు పట్టింది, వరుసగా చెప్తా.

బ్యాకప్ ముందు తీసినా అక్కా, ఫాంట్లు, బొమ్మలు, కార్డులు అన్నీ బావమరిది దగ్గరున్న బయటి డిస్క్‌లోకి. కాపీ అయ్యేటప్పుడు కొన్ని ఫైళ్ల దగ్గర పావుగంట ఆగిపోయింది.

ఆదివారం షాపు మూసి క్యాబినెట్ తీసినా. అన్న చెప్పింది అక్షరాలా నిజం. పిన్ను ఒకటి పైకి లేచి ఉంది, ఫ్యాన్ కింద నల్లటి దుమ్ము గోనెపట్టలాగా మందంగా ఉంది, దాన్ని ఊడదీస్తే ఒకే ముక్కగా వచ్చింది. ముందు బయాస్‌లో 88 చూపించింది, శుభ్రం చేసి పేస్టు పెట్టి పిన్నులు నాలుగూ బిగించినాక 51. నిన్న, ఈరోజు మధ్యాహ్నం ఒక్కసారి కూడా ఆగలేదు! 12 వోల్టులు 11.9 ఉంది, కెపాసిటర్ల తలలు చదునుగానే ఉన్నాయి. సెల్లు మార్చినా, తేదీ నిలబడింది.

యూపీఎస్ స్విచ్చి ఆపగానే మూడు సెకన్లకు కంప్యూటరు ఆరిపోయింది. ప్రింటరు కూడా దానికే తగిలించి ఉండేది, తీసేసినా. ఎర్త్ కొలిపిస్తే అసలు వైరే లేదు, సాకెట్టులో మూడో చిల్లు ఖాళీ. ఓనరు మొదట కాదన్నాడు కానీ పిల్లలు తిరిగే చోటు అని చెప్తే ఒప్పుకున్నాడు, రేపు వేయిస్తున్నారు.

కానీ నిదానం మాత్రం పోలేదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఒకటి వేసి చూస్తే పసుపు రంగులో కాషన్ అంటోంది. 05 దగ్గర 1ఏ0, సీ5 దగ్గర 18 అని ఉంది. అంటే 18 మాత్రమే కదా, పర్వాలేదా? ర్యామ్ కూడా 4 జీబీ స్టిక్ ఒకటి చౌకగా ఆన్‌లైన్‌లో ఉంది, ఏఎమ్‌డీకి మాత్రమే అని రాసుంది, పనిచేస్తుందా? అక్కా, జిరాక్స్ మిషన్‌కు పెన్‌డ్రైవ్ సౌకర్యం ఉంది.


కర్నూలు_సర్వీస్:

అన్నా, 51 అన్నది చదివి నాకు చాలా సంతోషమైంది. 30 వేల జబ్బు 200కు పోయింది.

హార్డ్‌డిస్క్ మాత్రం పర్వాలేదు కాదు. ఆ సాఫ్ట్‌వేర్ అంకెల్ని పదహారు అంకెల (హెక్సాడెసిమల్) లెక్కలో చూపిస్తుంది. 18 అంటే మన లెక్కలో 24, 1ఏ0 అంటే 416. ఫంక్షన్ మెనూలో రా వాల్యూస్‌ను పది లెక్కకు మార్చుకుంటే నేరుగా కనపడుతుంది. 05 అంటే డిస్క్ ఇప్పటికే పాడైపోయాయని వదిలేసి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, 416 పోయాయి. సీ5 అంటే చదవలేక పెండింగులో పెట్టినవి, 24. నీకు కాపీ దగ్గర పావుగంట ఆగింది అక్కడే, డెస్క్‌టాప్ రావడానికి ఆరేడు నిమిషాలు పట్టేదీ అందుకే. ర్యామ్ పెంచినా ఆ నిదానం పోయేది కాదు, ముందు ర్యామ్ కొని ఉంటే డబ్బు పోయి నిదానం మిగిలేది. డిస్క్‌ను ఇక అవసరమైతే తప్ప ఆన్ చేయొద్దు.

హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) తీసుకో, 2.5 అంగుళాల సాటాది (కేబుల్‌తో తగిలించేది), 256 జీబీ. ఈ బోర్డులో సాటా వేగం 3 జీబీపీఎస్ వరకే, కాబట్టి ఖరీదైన మోడల్ కొనడం వృథా. ఎన్‌వీఎంఈ అని సన్నగా పట్టీలా ఉండేది కొనొద్దు, దీనికి ఆ స్లాటు లేదు. ఈ మధ్య ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రేట్లు పెరిగాయి, రెండు మూడు చోట్ల అడుగు.

ర్యామ్‌లో పెద్ద చిక్కు. జీ41 బోర్డు ఒక చిప్పుకు 2 గిగాబిట్ల వరకే గుర్తుపడుతుంది. 4 జీబీ స్టిక్ అయితే రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే పనిచేస్తుంది, ఒకే వైపు 8 చిప్పులతో వచ్చే 4 జీబీ పెడితే స్క్రీన్ కూడా రాదు, అప్పుడు మళ్లీ బోర్డు పోయిందంటారు. ఏఎమ్‌డీకి మాత్రమే అని రాసింది ఇంటెల్ బోర్డుకు అసలే పనికిరాదు. నీ దగ్గర 2 జీబీ ఒకటుంది కదా, అట్లాంటిదే ఇంకో 2 జీబీ సెకండ్ హ్యాండ్‌ది పెట్టు, మొత్తం 4, మింట్‌కు చాలు. పెట్టే ముందు పాతదాని బంగారు రంగు అంచు పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్ది తుడువు. రెండూ పెట్టినాక ఒక రాత్రి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) నడిపించు, ఒక్క ఎర్రర్ వచ్చినా తిరిగి ఇచ్చేయ్.

ప్రాసెసర్ మార్చే ఆలోచన వద్దు. నాలుగు కోర్లది దొరుకుతుంది, కానీ అది మామూలుగా 95 వాట్లది, నీది 65 వాట్లది. ఇప్పుడే చల్లబరిచినాం, మళ్లీ వేడి కొనుక్కోవడం ఎందుకు.

పేజ్‌మేకర్ సీడీ లేదు కాబట్టి విండోస్ కొత్తగా వేయొద్దు, ఉన్నదాన్ని అట్లాగే క్లోన్ చేయాలి. డిస్క్ 320, ఎస్‌ఎస్‌డీ 256 కాబట్టి మొత్తం ఒకేసారి క్లోన్ కాదు. నీ సి డ్రైవ్ ఎంత?


అనంత_జిరాక్స్:

సి డ్రైవ్ 80 జీబీ అన్నా, మిగతాది డి, ఇ, ఎఫ్ అని చేసి ఇచ్చినారు అప్పట్లో.


కర్నూలు_సర్వీస్:

అయితే సులువు. సి డ్రైవ్, దానికి ముందు కనపడకుండా ఉండే 100 ఎంబీ పార్టిషన్, ఈ రెండూ క్లోన్జిల్లా అనే డిస్క్ కాపీ సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీకి తెచ్చుకో. ఆ చిన్నదాన్ని వదిలేస్తే విండోస్ లేవదు, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. చదవలేని సెక్టార్లు ఉంటే ఆగకుండా దాటుకుని పోయే రెస్క్యూ ఆప్షన్ పెట్టుకో. తర్వాత బ్యాకప్‌లోంచి బొమ్మల కోసం ఒక పార్టిషన్, అక్క చెప్పినట్టు దానికి డి అక్షరమే ఇయ్యి. పాత డిస్క్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో విండోస్ లేచి కార్డు తెరుచుకుంటేనే మిగిలిన ఖాళీలో మింట్ వెయ్. విండోస్ ముందు, మింట్ తర్వాత, ఈ వరుస తప్పొద్దు.


అనంత_జిరాక్స్:

పని అయింది, వారం ఆగి రాస్తున్నా, ఎందుకంటే నిలబడుతుందో లేదో చూసి చెప్పాలనుకున్నా.

ఖర్చు: ఎస్‌ఎస్‌డీ 2,600, పాత 2 జీబీ ర్యామ్ 350, యూపీఎస్ బ్యాటరీ 950, పేస్టు, సెల్లు, ఆల్కహాల్ కలిపి 230. మొత్తం 4,130. ఎర్తింగ్ ఓనరు పెట్టుకున్నాడు, ఇప్పుడు క్యాబినెట్ తాకితే ఏమీ లేదు.

విండోస్ 40 సెకన్లలో వస్తుంది. మింట్‌లో అప్లికేషన్ల సైట్లు అన్నీ తెరుచుకున్నాయి, పీడీఎఫ్ తీసి పెన్‌డ్రైవ్‌తో జిరాక్స్ మిషన్‌లో ప్రింటు ఇస్తున్నా. మింట్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, నాకు అను కీబోర్డు అలవాటు కాబట్టి నిదానంగా నేర్చుకుంటున్నా. ఆ ఫీజు పాప తమ్ముడు నిన్న వచ్చినాడు అప్లికేషన్ కోసం, ఆగకుండా పూర్తయింది.

ఒక్క కార్డులో మాత్రం తెలుగు సున్నా స్థానంలో చదరం గుర్తు వస్తోంది, మిగతావన్నీ బాగున్నాయి. పాత డిస్క్ ఇక పారేయొచ్చా?


కడప_డీటీపీ_అక్క:

పారేయకు తమ్ముడూ. ఆ కార్డుకు వాడిన ఫాంట్ ఫైలు చెడిపోయిన సెక్టార్లో పడి సగమే వచ్చుంటుంది. కార్డు తెరిచి ఆ అక్షరం దగ్గర ఫాంట్ పేరు ఏముందో చూడు, బ్యాకప్‌లో ఆ పేరు ఫైలు ఉంటే దాన్ని తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్. అక్కడా చెడిపోయి ఉంటే నాకు పేరు చెప్పు, ఆ ఫాంట్ కొన్న డీటీపీ వాళ్లు మీ ఊళ్లోనే ఎవరో ఒకరు ఉంటారు, కనుక్కుందాం. ఈ సీజన్ కార్డులన్నీ ఒకసారి తెరిచి, ప్రింటు ప్రివ్యూ చూసేదాకా పాత డిస్క్ అట్లాగే ఉండనీ. దాని మీద తేదీ రాసి, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, బీరువాలో పడుకోబెట్టు.


అనంత_జిరాక్స్:

సరే అక్కా. బ్యాకప్‌లో ఫాంట్ బాగుంది, మళ్లీ వేస్తే సున్నా వచ్చేసింది. ఇంకా అరవై కార్డులు తెరిచి చూడాలి, రోజుకు పది చొప్పున చూస్తున్నా. డిస్క్ మీద తేదీ రాసి పెట్టినా.